గోడకు పెట్టే పెద్ద ప్రింటు: ల్యాబ్‌కు పంపే ముందు ఫోటోను ఎలా సిద్ధం చేయాలి?

"ఫోనులో వెలిగిపోయే ఫోటో ప్రింటులో ఎందుకు నల్లబడింది?" "ఈ ఫోటో 20×30 వస్తుందా?" "పటంలో మా పెద్దాయన చెయ్యి సగం ఎందుకు తెగిపోయింది?" పెద్ద ప్రింట్ల గురించి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేవి ఇవే. అడిగేవాళ్లలో చాలామంది తప్పు ల్యాబ్ మీద వేస్తారు. మంచి ల్యాబ్ తన చేతికొచ్చిన ఫైలును ఉన్నది ఉన్నట్టుగా కాగితం మీదికి దించుతుంది. చెడిపోయేది ఎక్కువగా అంతకు ముందే. అందుకే డబ్బు కట్టకముందు ఇంట్లో చేసుకోవలసిన పనులను వరుసగా రాస్తున్నాను.

ఇవన్నీ 12×18 అంగుళాలు, ఆపైన వేయించే ప్రింట్లకు. ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 ఫోటోకు ఇంత తంటా అక్కర్లేదు.

కావలసినవి

• కెమెరా నుంచో ఫోను నుంచో నేరుగా తీసిన అసలు ఫైలు
• కంప్యూటరు, అందులో ఫోటోషాప్ లేదా లైట్‌రూమ్. కొనలేకపోతే ఉచితంగా దొరికే జింప్ చాలు
• కొలత టేపు, రెండు మూడు పాత వార్తాపత్రికలు, ఒక తెల్ల కాగితం
• టెస్టు ముక్కకు అయ్యే కొద్దిపాటి ఖర్చు
• తొందర లేకుండా కనీసం వారం రోజుల గడువు. రేపు గృహప్రవేశం పెట్టుకుని ఈరోజు ఆర్డరు ఇస్తే టెస్టు ముక్కకు చోటే ఉండదు

ఫోను మాత్రమే ఉన్నవాళ్లు కత్తిరింపు వరకు అందులోనే చేసుకోవచ్చు. రంగు, వెలుగు తేల్చే పని మాత్రం ఫోను తెర మీద పెట్టుకోవద్దు. ఆ తెర ప్రతి ఫోటోనూ ముద్దుగానే చూపిస్తుంది.

1. ముందు గోడను కొలవండి

పాత పేపర్లను అతికించి, అనుకున్న సైజుకు కత్తిరించి, ప్రింటు పెట్టబోయే చోట గోడకు అంటించండి. ఒకరోజు అలాగే ఉంచి, కూర్చునే చోటు నుంచీ గుమ్మం నుంచీ చూడండి. కాగితం మీద పెద్దదిగా అనిపించిన 12×18 హాలు గోడ మీద చిన్నబోతుంది. సోఫా వెనక గోడకు 20×30 నిండుగా ఉంటుంది. ఫ్రేము, దాని లోపల వదిలే తెల్ల అంచు కూడా కలుపుకుని కొలవండి. చూసే దూరాన్ని కూడా ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి, నాలుగో అంకెలో అదే పనికొస్తుంది.

2. ల్యాబ్‌ను ఈ ప్రశ్నలు అడగండి

ఫోటో పేపరు మీద వేసే మిషన్లలో చాలావాటికి పేపరు వెడల్పు 12 అంగుళాలే. పెళ్లి ఆల్బమ్‌ల షీట్లు 12×36 ఉండటానికి కారణం అదే. అంతకన్నా వెడల్పు కావాలంటే పెద్ద ఇంక్‌జెట్ ప్రింటరో, పెద్ద రోలు పట్టే మిషనో ఉన్న ల్యాబ్ కావాలి. మీ ఊరి స్టూడియో ఆర్డరు తీసుకుని విశాఖపట్నం పంపుతుంటే, అసలు వేసే ల్యాబ్ ఏదో అడిగి ఈ ప్రశ్నలు వాళ్లకే వేయండి:

• ఏ మిషను మీద, ఏ పేపరు మీద వేస్తారు?
• ఫైలు జేపెగ్‌లో ఇవ్వాలా, టిఫ్‌లో ఇవ్వాలా? రంగుల ప్రొఫైల్ (ఫైలులోని రంగు అంకెలను ఎలా చదవాలో చెప్పేది) మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీయేనా?
• ఆ పేపరుకు ఐసీసీ ప్రొఫైల్ (ఆ మిషను, పేపరు మీద రంగులు ఎలా వస్తాయో కంప్యూటరుకు చెప్పే చిన్న ఫైలు) ఇస్తారా?
• మిషను తనంతట తాను రంగులు దిద్దుతుందా? దాన్ని ఆపి వేస్తారా?
• అంచుల్లో ఎంత కోత పోతుంది?

"ప్రొఫైల్ ఏమీ అక్కర్లేదండీ, మేం చూసుకుంటాం" అనే సమాధానం రావచ్చు. కంగారు పడకండి. ఎస్‌ఆర్‌జీబీలో పంపి, టెస్టు ముక్క మీద ఆధారపడండి. కానీ రంగులు దిద్దడం ఆపబోమని చెప్పే ల్యాబ్‌కు మాత్రం మీరు శ్రద్ధగా సిద్ధం చేసిన ఫైలు ఇవ్వడం దండగ.

పేపరు ఎంపిక గురించి నా అభిప్రాయం ఇది. ఎదురుగా కిటికీయో ట్యూబులైటో ఉన్న గోడకు గ్లాసీ వద్దు, అందులో మీ ముఖమే కనిపిస్తుంది. అలాంటి చోట సగం మెరుపుండే లస్టర్ లేదా మెరుపు లేని మ్యాట్ మేలు. సాలిహుండం ఇటుక స్తూపాలు, విజయనగరం కోట గోడలు వంటి గరుకు రూపాలు మ్యాట్ మీద చక్కగా కూర్చుంటాయి. అయితే మ్యాట్ మీద నలుపు అంత గాఢంగా రాదు. రాత్రి పూట తీసిన ఫోటోలకు అది నప్పదు. కాన్వాస్ నేతలో చిన్న చిన్న లోపాలు దాగిపోతాయి, సన్నని వివరాలు కూడా వాటితోపాటే పోతాయి.

3. అసలు ఫైలు సంపాదించండి

పెద్ద ప్రింటు పాడవడానికి మొదటి కారణం వాట్సాప్. మామూలుగా ఫోటో పంపితే అది ఫైలును బాగా కుదించేస్తుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్లకు అటూ ఇటూ మిగులుతుంది. దాంతో చక్కగా వచ్చేది 6×8 ప్రింటు. హెచ్‌డీ అని ఎంచుకున్నా కుదింపు పూర్తిగా తప్పదు. ఫోటో తీసిన వ్యక్తిని "డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టించుకోండి, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి దింపుకున్నవి, స్క్రీన్‌షాట్‌లు పెద్ద ప్రింటుకు పనికిరావు.

సరిచూసుకోవడం: ఫైలు వివరాల్లో పిక్సెళ్ల కొలత చూడండి. ఫోను ఫోటో అయితే 4000×3000 దగ్గర, 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 6000×4000 దగ్గర ఉండాలి. 1600×1200 అని కనిపిస్తే అది వాట్సాప్ చుట్టివచ్చిన ఫైలే.

4. పిక్సెళ్ల లెక్క వేయండి

ప్రింటు పొడవు అంగుళాలతో ఫైలు పొడవు పిక్సెళ్లను భాగించండి. వచ్చిన అంకె అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెబుతుంది. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 300 ఉండాలి. మూడు నాలుగు అడుగుల దూరం నుంచి చూసే గోడ ప్రింటుకు 200 చాలు. ఆరడుగులు, ఆపైన దూరానికీ, కాన్వాస్‌కూ 150తో కూడా బాగుంటుంది.

అంగుళానికి 200 చొప్పున కావలసినవి:

• 12×18: 2400×3600 పిక్సెళ్లు
• 16×24: 3200×4800
• 20×30: 4000×6000
• 24×36: 4800×7200. దూరం నుంచి చూసేదైతే 150 చొప్పున 3600×5400 సరిపోతుంది

అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫైలు, కత్తిరించకుండా ఉంటే, 20×30కి నిక్షేపంలా వస్తుంది. "కత్తిరించకుండా ఉంటే" అన్న మాట గమనించండి. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చెట్టు మీద గూడబాతును తీసి, పక్షి ఒక్కటీ మిగిలేలా కోసేస్తే 6000 పిక్సెళ్లలో 1500 మిగలవచ్చు. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ ఫైలు 8×10 దాటదు. దాన్ని 20×30 చేయించే బదులు చెట్టూ గూళ్లూ కలిసిన ఫోటోను ఎంచుకోండి.

ఫైలు వివరాల్లో "72 డీపీఐ" (అంగుళానికి 72 చుక్కలు) అని చూసి చాలామంది బెదిరిపోతారు. ఆ అంకెకు విలువ లేదు, మొత్తం పిక్సెళ్లే లెక్క. ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజు పెట్టెలో రీశాంపుల్ టిక్కు తీసేసి 72 బదులు 200 అని కొట్టినా ఒక్క పిక్సెల్ పెరగదు, తరగదు. టిక్కు ఉంచి 300 కొడితే మాత్రం సాఫ్ట్‌వేర్ లేని పిక్సెళ్లను ఊహించి నింపుతుంది. "300 చేశాను కదా, ఇంకా మసకగా ఉందేమిటి" అనేవాళ్లు చేసే పని ఇదే.

పిక్సెళ్లు కొంచెం తక్కువైతే ఏఐ ఎన్‌లార్జర్లు ఉన్నాయి. ప్రకృతి దృశ్యాలను రెండింతల వరకు బాగానే పెంచుతాయి. మనుషుల ఫోటోల దగ్గర జాగ్రత్త. పళ్లు, కనురెప్పలు, చీర జరీ, వెనకున్న బోర్డుల మీది తెలుగు అక్షరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. పెంచాక పూర్తి సైజులో ప్రతి ముఖాన్నీ చూడండి. అమ్మమ్మ ముఖంలో అమ్మమ్మ కనిపించకపోతే ఆ ఫైలు వదిలేసి చిన్న సైజుకు దిగండి.

5. కత్తిరింపు మీరే చేయండి

తలలూ చేతులూ తెగేది ఇక్కడ. కెమెరా ఫోటో నిష్పత్తి 3:2, ఫోనుది సాధారణంగా 4:3. ప్రింటు సైజులు అన్నీ ఒకే నిష్పత్తిలో ఉండవు. 12×18, 16×24, 20×30, 24×36 కెమెరా ఫోటోకు అచ్చంగా సరిపోతాయి. ఫోను ఫోటోకు 12×16, 18×24 సరిపోతాయి. కెమెరా ఫోటోను 16×20కి వేయమంటే పొడవులో ఆరో వంతు పోతుంది. ఎటువైపు పోవాలో మీరు చెప్పకపోతే మిషను మధ్యభాగం ఉంచి రెండు పక్కలా కోస్తుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫోటోలకు ఇది మరీ ప్రమాదం. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో తీసే ఆ ఫోటోల్లో ప్రాణమంతా సిరిమాను కొసన కూర్చున్న పూజారి దగ్గర ఉంటుంది. ఆ కొస ఎప్పుడూ ఫ్రేము అంచునే ఉంటుంది. రెండు పక్కలా సమంగా కోస్తే పూజారి పోయి, మాను, జనం మిగులుతారు. అలాంటి ఫోటోకు 20×30 వంటి 3:2 సైజే తీసుకోండి. లేదంటే ఫోటో పూర్తిగా ఉంచి చుట్టూ తెల్ల అంచు వదిలి వేయించండి.

క్రాప్ పనిముట్టులో ప్రింటు నిష్పత్తిని కొట్టి కత్తిరించండి. అంచుల్లో కనీసం 3 మిల్లీమీటర్లు కోతకు పోతుందని లెక్కవేసుకుని, ముఖ్యమైనదేదీ ఆ గీత మీద లేకుండా చూడండి. ఫ్రేము అంచు కింద ఇంకో పావు అంగుళం దాగుతుంది. చెక్క చట్రం మీదికి మడిచే కాన్వాస్ అయితే నాలుగు వైపులా సుమారు 2 అంగుళాలు అదనంగా కావాలి. సరైన కొలత ల్యాబ్‌ను అడిగి తెలుసుకోండి.

6. వెలుగు, రంగు

ప్రింటు నల్లబడటానికి ఎక్కువగా కారణం ఇదే: మీ తెర అతిగా వెలుగుతోంది. తెర తనంతట తాను వెలిగే దీపం, కాగితం మీద పడిన వెలుగును మాత్రమే తిరిగి ఇస్తుంది.

తెరను ఇలా దారికి తెండి. నైట్ మోడ్, వివిడ్ మోడ్ ఆపేయండి. గదిలో మామూలు వెలుతురు ఉంచండి, తెర మీద నేరుగా ఎండ పడకూడదు. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. రెండూ దాదాపు ఒకే వెలుగులో కనిపించేవరకు తెర బ్రైట్‌నెస్ తగ్గించండి. కొలిచే పరికరం ఉన్నవాళ్లు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య, 6500 కెల్విన్ దగ్గర పెట్టుకోవచ్చు. మొదట్లో తెర చచ్చిపోయినట్టు అనిపిస్తుంది, కళ్లు అలవాటు పడతాయి. ఆ తర్వాత ఫోటో తెరవండి. ఇన్నాళ్లూ వెలుగుతోందనుకున్నది చీకటిగా కనిపిస్తే, ప్రింటు కూడా అలాగే వచ్చేది. ఇప్పుడు దిద్దండి.

దిద్దేటప్పుడు మొత్తం వెలుగు పెంచడం కంటే నీడల్ని కొంచెం ఎత్తడం మంచిది. 0 నుంచి 255 వరకు ఉండే స్కేలులో 10, 15 కంటే దిగువన ఉన్న వివరం కాగితం మీద నలుపులో కలిసిపోతుంది. నల్ల జుట్టు, నల్ల కోటు ఉన్న పెళ్లికొడుకు ఫోటోల్లో ఇది చూసుకోండి. రెండో కొసన 255కు తగిలిన చోట సిరా పడదు, ఖాళీ కాగితం కనిపిస్తుంది. గూడబాతు రెక్కలు, తెల్ల పంచెలు అక్కడే మాడిపోతాయి.

ఎరుపు, పసుపు మన ఫోటోల్లో పెద్ద తగాదా. ఎర్ర పట్టుచీర తెర మీద ధగధగలాడుతుంది, ప్రింటులో మడతలు లేని ఎర్ర గుడ్డ ముద్దలా వస్తుంది. ఎరుపు చానల్ 255కు తగిలి ఆగిపోయినందువల్ల అలా అవుతుంది. ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) కొంచెం తగ్గించండి, మడతలు తిరిగి వస్తాయి. పసుపు, కుంకుమ, పెళ్లిలో పసుపు పూసిన ముఖం అన్నింటికీ ఇదే మందు. శరీర ఛాయను తెల్లబరిచే ఫిల్టర్లు మాత్రం వాడకండి. 20×30లో ఆ ముఖం పౌడరు కొట్టిన బొమ్మలా ఉంటుంది.

తెలుపు సరిచూడటానికి ఫోటోలో ఉన్న తెల్ల వస్తువు మీద క్లిక్ చేసే అలవాటు చాలామందికి ఉంది. బ్లీచ్ చేయని ఖద్దరు మీద అలా చేయకండి. పొందూరు పంచె అసలు ఛాయ పోయి, ఫోటో అంతా నీలంగా మారుతుంది.

ల్యాబ్ ఐసీసీ ప్రొఫైల్ ఇస్తే దాన్ని కంప్యూటరులో ఇన్‌స్టాల్ చేసి, ఫోటోషాప్‌లో వ్యూ మెనూ, ప్రూఫ్ సెటప్, కస్టమ్‌కు వెళ్లి ఎంచుకోండి, ప్రింటు ఎలా రాబోతుందో తెర మీదే కనిపిస్తుంది. ప్రిజర్వ్ నంబర్స్ టిక్కు తీసేయండి, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్కు ఉంచండి. అక్కడే ఉండే పర్సెప్చువల్, రిలేటివ్ కలరిమెట్రిక్ అనే రంగు మార్పిడి పద్ధతులు రెండూ మార్చి చూసి, ఎరుపుల్లో వివరం ఎందులో ఎక్కువ నిలిస్తే అది పెట్టుకోండి. ఇది చూడటానికి మాత్రమే. ల్యాబ్ ప్రత్యేకంగా అడిగితే తప్ప ఫైలును ఆ ప్రొఫైల్‌లోకి మార్చకండి.

కళింగపట్నం తీరంలో తెల్లవారుజామున తీసినలాంటి ఆకాశం ఉంటే ఇంకో జాగ్రత్త. జేపెగ్ మీద ఆకాశాన్ని ఎక్కువగా లాగితే రంగు మెట్లుమెట్లుగా విడిపోతుంది. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు) నుంచి, రంగు మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో దిద్దుకుని, చివర్లో 8 బిట్‌కు మార్చండి.

7. మచ్చలు, గరుకు, పదును

ఫోటోను 100 శాతం సైజులో తెరిచి, ఎడమ పై మూల నుంచి కుడి కింది మూల దాకా పొలం దున్నినట్టు వరుసగా చూసుకుంటూ వెళ్లండి. సెన్సరు మీది దుమ్ము ఆకాశంలో బూడిద చుక్కలుగా ఉంటుంది. చిన్న తెర మీద కనిపించని ఆ చుక్క గోడ మీద బఠాణీ గింజంత ఉంటుంది.

రాత్రి ఫోటోల్లో గరుకును (నాయిస్ అనే చుక్కలను) పూర్తిగా తుడిచేయకండి. కొద్దిగా గరుకు ప్రింటులో కనిపించదు, పూర్తిగా తుడిస్తే చర్మం మైనంలా మారుతుంది. పదును పెంచడం అన్నిటికన్నా చివరి పని, సైజు ఖాయమయ్యాకే. అంచుల వెంట తెల్లగీత కనిపిస్తే ఎక్కువైనట్టే.

8. సేవ్ చేయడం

లేయర్లన్నీ కలిపి, 8 బిట్, ఎస్‌ఆర్‌జీబీలో, జేపెగ్ అత్యధిక నాణ్యతతో సేవ్ చేయండి. ల్యాబ్ టిఫ్ తీసుకుంటే టిఫ్ ఇవ్వండి. కలర్ ప్రొఫైల్ ఎంబెడ్ టిక్కు తప్పక ఉండాలి. అడోబ్ ఆర్‌జీబీ ఫైలు ప్రొఫైల్ లేకుండా వెళితే రంగులు వెలిసిపోయి వస్తాయి. "ప్రింటు కదా" అని సీఎంవైకేకు (నాలుగు సిరాల రంగు పద్ధతికి) మార్చకండి. అది ప్రెస్సులో అచ్చు వేయించే పత్రికలకు. దిద్దిన జేపెగ్‌నే మళ్లీ మళ్లీ తెరిచి సేవ్ చేయవద్దు, ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

ఫైలు పేరులోనే ఆర్డరు చెప్పండి: ఇంటిపేరు, సైజు, పేపరు, ఎన్ని కాపీలు. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, తెలుగు పేర్లను కొన్ని పాత మిషన్లు చదవలేవు. ఆర్డరు కాగితం మీద "రంగులు మార్చవద్దు, కత్తిరించవద్దు" అని విడిగా రాయించండి. నోటిమాట కౌంటరు దాటి లోపలికి వెళ్లదు.

9. టెస్టు ముక్క

ఈ జాబితాలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. ఫోటో మొత్తాన్ని చిన్నగా వేయించడం టెస్టు కాదు. 4×6లో ఏ ఫోటో అయినా పదునుగానే ఉంటుంది. పూర్తి సైజు ఫైలులో నుంచి ముఖం ఉన్న చోట ఒక ముక్క, నీడ ఎక్కువున్న చోట ఒక ముక్క, ఎర్ర చీరో ఆకాశమో ఉన్న చోట ఒక ముక్క, సైజు మార్చకుండా కత్తిరించి, మూడింటినీ ఒకే 8×12 మీద పక్కపక్కన పెట్టండి. పెద్ద ప్రింటు వేయబోయే పేపరు, మిషను మీదే వేయించండి. ఫోటో పేపరు మీద టెస్టు చేసి కాన్వాస్ ఆర్డరు ఇస్తే ఫలితం లేదు.

ముక్క వచ్చాక గోడకు అంటించి, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి ఆ గదిలోని లైటు కింద ఒకసారి చూడండి. రెండింటిలో తేడా ఉంటుంది. రోజూ మీరు చూసే వెలుగుకే ఓటు వేయండి. చీకటిగా ఉంటే ఫైలు కాపీలో వెలుగు కొంచెం పెంచి మళ్లీ వేయించండి. రెండో ముక్కకు అయ్యే డబ్బు పెద్ద ప్రింటు మళ్లీ వేయించే డబ్బులో చిన్న భాగం.

10. ప్రింటు తీసుకునేటప్పుడు

కౌంటరు దగ్గరే విప్పించండి. టేపుతో కొలవండి. టెస్టు ముక్కను పక్కన పెట్టి రంగు పోల్చండి. వాలుగా పట్టుకుని చూస్తే గీతలు, వేలిముద్రలు, తెల్ల చుక్కలు, ఇంక్‌జెట్ అయితే అడ్డంగా సన్నని చారలు తెలుస్తాయి. ఇవి ల్యాబ్ తప్పులు, మళ్లీ వేసి ఇవ్వమని గట్టిగా అడగండి. ఫోటో మసకగా ఉందని, ముఖం నల్లగా ఉందని మాత్రం గొడవపడకండి. అది ఫైలుతోపాటు వచ్చినది.

లావుపాటి అట్ట గొట్టంలో వదులుగా చుట్టించుకోండి, మధ్యలో బటర్ పేపరు వేయించండి. ఇంక్‌జెట్ ప్రింటును ఒకరోజు ఆరనిచ్చాకే అద్దం వేయించాలి.

పాత ఫోటో పెద్దది చేయించాలంటే

తాతగారి నాటి ఫోటోను ఫోనుతో ఫోటో తీసి పంపేవాళ్లు ఎక్కువ. స్కానరు మీద పెట్టండి. 4×6 ఫోటోను 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, 12×18కి సరిపోతుంది. పాస్‌పోర్టు సైజుకు 1200 పెట్టండి. నెగెటివు దొరికితే నెగెటివునే స్కాన్ చేయించండి. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకండి, అద్దంతోపాటే స్కాన్ చేయండి. అసలు ఫోటోలోనే కళ్లు మసకగా ఉంటే 8×12 దగ్గర ఆగి, వెడల్పాటి తెల్ల అంచుతో పెద్ద ఫ్రేము కట్టించండి. గోడ మీద హుందాగా ఉంటుంది.

పటం కట్టించేటప్పుడు

సముద్రం దగ్గరి ఊళ్లలో ఈ మాట మరీ ముఖ్యం. ప్రింటు అద్దానికి తగలకూడదు. తేమకు అంటుకుపోతుంది, బూజు పడుతుంది. రెండింటి మధ్య మౌంటు అట్ట వేయమనండి. చాలా షాపుల్లో అడిగితే తప్ప వేయరు. పటం వెనక నాలుగు మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వానకు చెమ్మెక్కే గోడకూ, సాయంత్రం ఎండ నేరుగా పడే గోడకూ తగిలించకండి. వెనక అట్ట మూసే ముందు ఫైలు పేరు, సైజు, పేపరు రకం, ల్యాబ్ పేరు ఒక చీటీ మీద రాసి లోపల అంటించమనండి. మీ చెల్లెలు తనకూ అలాంటిదే కావాలని అడిగిన రోజున అవన్నీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.